చిన్న చీటీలు - పెద్ద గిడ్డంగి

మెండోర, ఆర్మూరు ప్రాంతముల పసుపు నిజామాబాదు మార్కెట్టుకు చేరినప్పుడు ప్రతి రాశికిని ఒక చీటీ పుట్టును. రైతు పేరు, బస్తాల సంఖ్య, తూకము, ధర - ఇంతకు మించి అందులో ఏమియు ఉండదు. 2016 ఏప్రిల్ 14న ఆరంభమైన 'ఈ-నామ్' జాతీయ వ్యవసాయ విపణిలో చేరిన తొలి మార్కెట్లలో నిజామాబాదు ఒకటి. లెక్కలు కంప్యూటరునకు ఎక్కిన ఈ కాలమున, ఇట్టి చిన్న చీటీలు లక్షలకొలది పోగైనచో వానిని ఎట్లు భద్రపరుపవలెను?

ఒక కమీషను ఏజెంటు చీటీకి ఒక ఫైలు చొప్పున దాచుచున్నాడనుకొందము. ఫైళ్లను డిస్కుపై సర్దు ఏర్పాటునకు ఫైల్ సిస్టం అని పేరు. అది డిస్కును సమానమైన గదులుగ విభజించును. లినక్సు యంత్రములలో విరివిగ వాడు ఈఎక్స్‌టీ4లో గది పరిమాణము సాధారణముగ 4,096 బైట్లు. చీటీ 500 బైట్లే అయినను గది యంతయు దానిదే. పిడికెడు పసుపునకు నిండు బస్తా కేటాయించినట్లు! 10 లక్షల చీటీలలోని సమాచారము 50 కోట్ల బైట్లే; అవి ఆక్రమించు చోటు 400 కోట్ల బైట్లకు మించును.

రెండవ చిక్కు కంటికి కానరాదు. ప్రతి ఫైలునకును చిట్టాలో ఐనోడ్ అను ఒక పద్దు కావలెను. ఈఎక్స్‌టీ4లో డిస్కును సిద్ధపరచునాడే, మామూలుగ 16,384 బైట్లకు ఒకటి చొప్పున, పద్దులు నిర్ణయమగును. 8 జీబీ భాగమునకు వచ్చునవి సుమారు 5 లక్షల 24 వేలు మాత్రమే. అవి తీరినచో, నాలుగింట దాదాపు మూడు వంతుల గదులు ఖాళీగనున్నను 'చోటు లేదు' అని యంత్రము క్రొత్త చీటీని త్రోసిపుచ్చును. సరుకు ముమ్మరముగ వచ్చు మార్చి నెలలో ఇట్లు జరిగినచో రైతు తూకమునకు సాక్ష్యమేది? అప్పుడు ఆ నిష్పత్తిని మార్చ వీలులేదు. భాగమును పెంచవలెను, లేదా అంతయు నకలు తీసి డిస్కును తిరిగి సిద్ధపరుపవలెను.

కావున ముందే యోచింపవలెను. ఈఎక్స్‌టీ4 వాడువారు తొలినాడే పద్దులు ఎక్కువగ కోరవచ్చును. ఎక్స్‌ఎఫ్‌ఎస్ పద్దులను అవసరమును బట్టి సృష్టించుకొనును. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అతిచిన్న ఫైళ్లను చిట్టాలోనే వ్రాసికొనును. ఐతే పొదుపొక్కటే చాలదు, పోషణయు కావలెను. చిన్న ఫైళ్లను ఒకే గదిలో ఇముడ్చుటకు పేరొందిన రైజర్‌ఎఫ్‌ఎస్ 2001లో లినక్సున చేరి, 2025లో తొలగింపబడినది.

అన్నిటికంటె మేలు, చీటీకొక ఫైలు అను పట్టు విడుచుట. చీటీలన్నియు ఒకే డేటాబేసులో వరుసలుగ వ్రాయవచ్చును. 10 కిలోబైట్ల తునకలను విడి ఫైళ్లనుండి చదువుటకంటె తమ డేటాబేసునుండి చదువుట సుమారు 35 శాతము వేగమనియు, చోటు సుమారు 20 శాతము తక్కువ పట్టుననియు ఎస్‌క్యూలైట్ నిర్మాతలు 2017లో కొలిచి చూపిరి. ఐతే అంతయు ఒకే మూటయగుటచే దినదినము నకలు తీయుట మరువరాదు.

గిడ్డంగి కట్టువాడు సరుకు బరువును మాత్రమేకాక బస్తాల సంఖ్యను కూడ అడుగును. డిస్కును సిద్ధపరచువారును అట్లే ఎన్ని బైట్లు అనుటకు ముందు ఎన్ని ఫైళ్లు అని అడుగవలెను.