ఓడను ఎత్తుకెళ్లిన బానిస ఎంపీ ఎలా అయ్యాడు? రాబర్ట్ స్మాల్స్ కథ

1862 మే 13. అమెరికాలో సివిల్ వార్ నడుస్తోంది. చార్లెస్టన్ రేవులో ప్లాంటర్ అనే ఓడ ఆగి ఉంది. తెల్ల ఆఫీసర్లు ముగ్గురూ ఆ రాత్రి ఒడ్డుకెళ్లి పడుకున్నారు. తెల్లవారుజామున ఓడ కదిలింది. నడిపింది రాబర్ట్ స్మాల్స్, వయసు 23, బానిస.

ఎందుకంత రిస్క్? అతని భార్య హన్నా వేరే యజమాని బానిస. ఆమెనీ, కూతుర్నీ కొనుక్కోవాలంటే 800 డాలర్లు కట్టాలి. అంత డబ్బు ఎక్కడిది? ఈలోపు వాళ్లని ఎవరికైనా అమ్మేస్తే?

అందుకే పిల్లలతో సహా మొత్తం 16 మంది బయల్దేరారు. దొరికితే చావే. స్మాల్స్ కెప్టెన్ టోపీ పెట్టుకుని, ఫోర్ట్ సమ్టర్ ముందు కరెక్టుగా సిగ్నల్ కొట్టాడు. కాపలావాళ్లు కెప్టెనే అనుకున్నారు! ఫిరంగులు దాటాక జెండా దించి తెల్ల దుప్పటి ఎగరేసి, ఓడని యూనియన్ నేవీకి అప్పగించాడు.

సినిమా అయితే ఇక్కడ అయిపోయేది. కానీ అసలు కథ ఇక్కడే మొదలు.

బహుమతిగా 1,500 డాలర్లు వచ్చాయి. ఏ యజమాని ఇంటి వెనక తను పుట్టాడో, బ్యూఫోర్ట్‌లోని ఆ ఇంటినే కొన్నాడు. పెద్దయ్యాక చదువు నేర్చుకున్నాడు. 1868లో సౌత్ కరోలినా కొత్త రాజ్యాంగం రాసేటప్పుడు, అందరికీ ఉచిత బడులు కావాలని తీర్మానం పెట్టాడు. 1875, 1887 మధ్య ఐదు టర్ములు అమెరికా ప్రతినిధుల సభలో కూర్చున్నాడు.

తర్వాత గాలి మారింది. 1895లో అదే రాష్ట్రం మళ్లీ రాజ్యాంగం రాసింది. ఓటు కావాలా? చదవడం, రాయడం వచ్చని నిరూపించు, లేదా 300 డాలర్ల ఆస్తి చూపించు. నల్లవాళ్ల ఓటు తీసేయడానికే ఈ రూల్. ఆలోచించండి, అందరికీ బడి కావాలని అడిగిన మనిషి ముందే, చదువుని అడ్డుగోడగా కట్టారు. 160 మంది ప్రతినిధుల్లో నల్లవాళ్లు ఆరుగురే. స్మాల్స్ వాదించాడు, ఓడిపోయాడు. కానీ సంతకం మాత్రం పెట్టలేదు.

1915లో చనిపోయాడు. ఆ ఓటు హక్కుకి గట్టి చట్టం రావడానికి ఇంకో 50 ఏళ్లు పట్టింది, 1965లో.

ఒక నిజం చెప్తా. ఆఫీసులో పనుందని నా మొదటి ఓటు నేను వేయలేదు. ఈ స్క్రిప్ట్ రాస్తుంటే అదే గుర్తొచ్చి సిగ్గేసింది. మీరు మాత్రం నాలా చేయకండి.