కాపురానికి జీతపు కొలత

(అరకులోయలో జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ లోయలో పండే కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంతకు రెండేళ్ళ ముందే, 2017లో, అరకు పేరుతోనే పారిస్ నగరంలో కాఫీ దుకాణం వెలసింది. కొండవాలున పండిన గింజ సముద్రాలు దాటి పరదేశంలో గౌరవంగా నిలిచింది. మనుషులకు మాత్రం ఆ దారి అంత సులభం కాదు. భర్త ఒక దేశంలోను, భార్య మరొక దేశంలోను బతుకుతున్న కుటుంబాలకు అది మరీ కఠినం. వీసా, నివాస అనుమతి అనే రెండు కాగితాలు ఒక కాపురాన్ని ఎట్లా శాసిస్తున్నాయో నేడు ఆలోచించవలసి ఉంది.

ఈ సమస్య నిన్న మొన్న పుట్టినది కాదు. 1860లో మద్రాసు రేవు నుండి తొలి కూలీల ఓడ నేటాల్‌కు చేరింది. తరువాత వెళ్ళిన ఓడలలో మన ఉత్తర కోస్తా జిల్లాల తెలుగువారు కూడా ఉన్నారు. వారితో పాటు ముస్లిం వర్తకులూ దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డారు. అక్కడ నివసిస్తున్న హసన్ ఈసప్ అనే వ్యక్తి 1912లో తన భార్య బాయి మరియంను హిందూదేశం నుండి తీసుకువెళ్ళగా అధికారులు ఆమెను దిగనివ్వలేదు. వ్యవహారం కేప్ సుప్రీం కోర్టుకు చేరింది. బహుభార్యాత్వాన్ని అనుమతించే మత విధి ప్రకారం జరిగిన వివాహాన్ని వలస చట్టం గుర్తించదని న్యాయమూర్తి సెర్ల్ 1913 మార్చి 14న తీర్పు చెప్పాడు. ఒక్క కలంపోటుతో అక్కడి ముస్లిం, హిందూ, పారశీ స్త్రీలందరి భార్యాత్వం ప్రశ్నార్థకమైంది. ఆ అవమానాన్ని సహించలేక కస్తూర్బా గాంధీతో సహా స్త్రీలు సత్యాగ్రహంలోకి దిగి జైళ్ళకు వెళ్ళారు. 1914లో వచ్చిన భారతీయుల సహాయ చట్టం ఒక భార్యకు ప్రవేశం కల్పించింది. ఒక ముస్లిం స్త్రీ కాపురం కోసం మొదలైన వివాదం సర్వమతాల వారి పోరాటంగా మారిందన్నది మనం మరువరాని విషయం.

నూరేళ్ళ తరువాత పరిస్థితిని చూద్దాం. నేడు నిఖాను కాదనేవారు లేరు. దాని స్థానంలో జీతపు కొలత వచ్చి కూర్చుంది. కడప, రాయచోటి, కోనసీమ ప్రాంతాల నుండి వేలాది మంది కువైట్‌లో పనిచేస్తున్నారు. కుటుంబాన్ని తెచ్చుకోవడానికి అక్కడ ఉండవలసిన కనీస జీతాన్ని 2016లో 250 దినార్ల నుండి 450కి పెంచారు. 2024 జనవరిలో అది 800 దినార్లయింది. మన లెక్కలో నెలకు రెండు లక్షల రూపాయల పైమాటే. ఖాదిం వీసా మీద వెళ్ళిన వంటమనిషి, డ్రైవరు, తోటమాలి ఆ మొత్తాన్ని కలలోనైనా చూడగలరా? సౌదీ అరేబియాలో కొలత వేరు. 2017 జూలై నుండి తన వెంట ఉన్న ప్రతి కుటుంబ సభ్యునికి నెలకు 100 రియాళ్ళ చొప్పున రుసుము విధించారు. ఏటా పెంచుతూ 2020 నాటికి దానిని 400 రియాళ్ళు చేశారు. ఆ భారం మోయలేని వారు భార్యాబిడ్డలను స్వదేశానికి పంపివేశారు.

ఇది గల్ఫ్ దేశాల దోషం మాత్రమే అనుకోరాదు. బ్రిటన్‌లో భార్యను గాని భర్తను గాని తెచ్చుకోవడానికి ఉండవలసిన వార్షికాదాయం 18,600 పౌండ్లుగా ఉండేది. 2024 ఏప్రిల్‌లో దానిని 29,000 పౌండ్లు చేశారు. రాజ్యం ఏదైనా సూత్రం ఒక్కటే. ధనవంతుని దాంపత్యానికి తలుపు తెరిచి ఉంటుంది. పేదవాని దాంపత్యం ఫోను తెరకు పరిమితమవుతుంది.

ఇక్కడ మన చరిత్రలోని ఒక ఘట్టం గుర్తుకు వస్తుంది. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో ఒక రాత్రి మదీనా వీధులలో తిరుగుతూ, దూరదేశ యుద్ధానికి వెళ్ళిన భర్త కోసం ఒక ఇల్లాలు పడుతున్న వేదనను విన్నారని ఉల్లేఖనాలు చెబుతున్నాయి. ఆయన తన కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)ను సంప్రదించి, సైనికుని నాలుగు నెలలకు మించి, కొన్ని ఉల్లేఖనాల ప్రకారం ఆరు నెలలకు మించి, భార్యకు దూరంగా ఉంచరాదని ఆజ్ఞాపించారు. రాజ్యావసరం ఎంత గొప్పదైనా దాంపత్యపు హక్కు దానికి లోబడి అణగిపోరాదన్నది ఆ ఆజ్ఞ సారం.

నేటి నియమాన్ని దాని పక్కన నిలిపి చూడండి. కువైట్, యు.ఏ.ఈ. వంటి దేశాలలో అకామా ఉన్న కార్మికుడు ఆరు నెలలకు మించి దేశం వెలుపల ఉంటే సాధారణంగా ఆ నివాస హక్కు రద్దవుతుంది. ఆనాటి పాలకుడు భార్యకు ఆరు నెలలకు మించి దూరంగా ఉండవద్దన్నాడు. ఈనాటి నియమం భార్య వద్ద ఆరు నెలలకు మించి ఉండవద్దంటున్నది. సెలవు దొరికిన రెండేళ్ళకోసారి ఇంటికి వచ్చే తండ్రిని చూసి పసిబిడ్డ తల్లి వెనుక దాక్కుంటే ఆ తప్పు ఎవరిది? డబ్బు పంపేవాడిగా తప్ప బిడ్డలకు తెలియని తండ్రులు, భర్త ఉండి కూడా ప్రతి నిర్ణయమూ ఒంటరిగా మోసే తల్లులు, మన జిల్లాలలో ఒక తరమంతా ఉన్నారు.

మన దేశపు నియమాలను కూడా న్యాయపు తూకంలో పెట్టాలి. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని ముష్కరులు పొట్టన పెట్టుకున్నారు. మన విశాఖపట్నం వాసి ఒకరు కూడా ఆ దుర్మార్గానికి బలయ్యారు. దానిని ఖండించడంలో మనకు రెండో మాట లేదు. ఆ వెంటనే పాకిస్తాన్ పౌరుల వీసాలు రద్దయ్యాయి. దీర్ఘకాలిక వీసాలకు మినహాయింపు ఇచ్చినా, ఆ కాగితం ఇంకా చేతికి రాని కోడళ్ళు, భారత పాస్‌పోర్టు ఉన్న తల్లులు, పాకిస్తాన్ పాస్‌పోర్టు ఉన్న పిల్లలు అట్టారీ వద్ద విడిపోవలసి వచ్చింది. దేశ భద్రతను ఎవరూ కాదనరు. పాలు తాగే బిడ్డకు, తల్లికి మధ్య గీత గీయడం వల్ల ఏ భద్రత చేకూరుతుందని మాత్రమే మా ప్రశ్న.

అయితే నివాస నియమాలన్నీ అన్యాయమేనా? కాదు. ఇందుకు ఈ కొండలే సాక్ష్యం. గిరిజనేతరులైన మనం ఇక్కడ నివసించవచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు. భూమిని కొనరాదు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1970లో సవరించి, మనమంతా వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునే చట్టం తెచ్చారు. పక్కనే ఉన్న అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంత గనుల వివాదంలో 1997లో సుప్రీం కోర్టు ఇచ్చిన సమత తీర్పు దానికి మరింత బలమిచ్చింది. ఆ చట్టాన్ని మనం గౌరవించాలి. ఎందుకంటే అది బలవంతుని నుండి బలహీనుని కాపాడుతుంది. ఏ నియమానికైనా ఇదే గీటురాయి: అది ఎవరిని ఎవరి నుండి కాపాడుతున్నది? వంటమనిషిని ఆమె బిడ్డ నుండి విడదీసే జీతపు హద్దు ఏ బలహీనునీ కాపాడటం లేదు.

ఇక కర్తవ్యం. కొంత మన చేతిలో ఉంది. నిఖానామా ఖాజీ వద్ద రాయించుకోవడంతో ఆగక, 2002 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం వివాహాన్ని నమోదు చేయించాలి. కువైట్, యు.ఏ.ఈ. అపోస్టిల్ ఒప్పందంలో లేవు కనుక ఆ పత్రానికి మన విదేశాంగ శాఖ ముద్రతో పాటు ఆయా రాయబార కార్యాలయాల ముద్ర కూడా కావాలి. రెండవది పుట్టుక నమోదు. 2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టిన బిడ్డకు పాస్‌పోర్టు కావాలంటే జనన ధ్రువపత్రమే ఆధారం. గర్భిణిని డోలీలో మోసుకువచ్చే గూడేలలో, దారిలోనే పుట్టిన బిడ్డ పేరు రిజిస్టరులోకి ఎక్కించడం ముస్లిం, ఆదివాసీ కుటుంబాలు కలిసి చేయవలసిన పని.

మిగిలినది ప్రభుత్వాల చేతిలో ఉంది. గల్ఫ్ దేశాలతో కార్మిక ఒప్పందాలు చేసుకునేటప్పుడు జీతాలతో పాటు కుటుంబ వీసా గురించి, ఏటా జీతంతో కూడిన సెలవు గురించి మన ప్రభుత్వం పట్టుబట్టాలి. ఇంటి పనికి వెళ్ళే స్త్రీల వయసు ముప్పై నిండాలన్న నియమం పెట్టినవారు, ఆ వయసు స్త్రీకి ఇంటి వద్ద చిన్న బిడ్డలుంటారన్న సంగతి కూడా తలచాలి. సరిహద్దులు మూసే ప్రతి ఉత్తర్వులోను తల్లీబిడ్డలకు, భార్యాభర్తలకు ముందుగానే మినహాయింపు రాయాలి.

1913లో బాయి మరియం తరఫున నిలిచినవారు ఆమె మతం ఏమిటని అడగలేదు. నేడు కూడా ఈ కోరిక ముస్లిములది మాత్రమే కాదు. కోనసీమ నుండి వెళ్ళిన క్రైస్తవ సోదరిది, శ్రీకాకుళం నుండి వెళ్ళిన హిందూ సోదరునిది కూడా. అందరం ఒక్క గొంతుతో అడుగుదాం. కష్టపడే చేతులను పిలిచే దేశం, ఆ చేతులను పట్టుకున్న బిడ్డలకు కూడా చోటివ్వాలి.