ఆటగాడి పేరు ఎవరి సొత్తు?
(వేంసూరులో మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుకుంటూ ఆడే పిల్లలు కాలేజీలు మారడం గురించి, ప్రకటనల ఒప్పందాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇది మనకు దూరపు సంగతి కాదు. బాగా ఆడే పిల్లవాడున్న ఇంటికి, "ఫీజు లేదు, హాస్టలు మాది, మా తరఫున ఆడితే చాలు" అని కబురు వస్తుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళు తాతయ్య ఏమంటాడోనని మన వంక చూస్తారు.

మొదటి ప్రశ్న: వెళ్ళడం తప్పా? మన భద్రాచలానికి చెందిన గొంగడి త్రిష క్రికెట్ శిక్షణ కోసం ఆమె కుటుంబమే ఊరు విడిచి సికింద్రాబాద్ చేరింది. 2025 అండర్-19 మహిళల ప్రపంచ కప్పులో ఆ అమ్మాయి 309 పరుగులు చేసి, 7 వికెట్లు తీసి, టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. ఊరు విడిచిందని ఎవరు తప్పుపట్టగలరు? సైనా నెహ్వాల్ 2014లో గోపీచంద్ గారి వద్ద శిక్షణ మాని, బెంగుళూరులో విమల్ కుమార్ గారి వద్దకు వెళ్ళింది. 2015లో ప్రపంచ నంబర్ వన్ అయింది. 2017లో తిరిగి గోపీచంద్ గారి వద్దకే వచ్చింది. విద్య కోసం గురువును మార్చడం ద్రోహం కాదు. చెప్పి వెళ్ళడం శిష్యుడి మర్యాద, వెళ్ళనివ్వడం గురువు పెద్దరికం.

రెండవది డబ్బు. అమెరికాలో కాలేజీ ఆటగాడు తన పేరు మీద పైసా సంపాదించరాదని చాలా ఏళ్ళు నియమం ఉండేది. అతని ఆట మీద కాలేజీలు, టీవీ సంస్థలు మాత్రం కోట్లు గడించాయి. 2021 జూలై 1 నుంచి ఆ నిషేధం తొలగింది. 2024లో, చదువులో వెనుకబడనంతవరకు ఎన్నిసార్లు కాలేజీ మారినా వెంటనే ఆడవచ్చునన్నారు. పిల్లలకు న్యాయం జరిగింది. దానివెంటే, ఎక్కువ ఇచ్చేచోటికి ఏటా మారే అలవాటూ వచ్చింది.

మన దగ్గర చూడండి. 2021లో పి.వి. సింధు టోక్యోలో కాంస్యం గెలిచినప్పుడు, కొన్ని కంపెనీలు అభినందనల పేరిట ఆమె ఫోటోను అనుమతి లేకుండా ప్రకటనల్లో వాడుకున్నాయి. ఆమె వ్యవహారాలు చూసే సంస్థ వాటికి లీగల్ నోటీసులు పంపింది. పేరు, ముఖం ఆటగాడి సొత్తే. సొత్తు గలవాడికి కాదనే హక్కూ ఉంటుంది. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక గోపీచంద్ గారు కోలా ప్రకటనను కాదన్నారు. తాను తాగనిదాన్ని ఇతరులను తాగమనడం ఆయనకు ఇష్టం లేదు.

ఇక మన బాధ్యత. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు ఒప్పందం చేసుకోవడానికి అర్హుడు కాడు. అలాంటి ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. కనుక కాగితం పెద్దల ముందుకే వస్తుంది. సంతకానికి ముందు అడగండి: ఒప్పందం ఎన్నేళ్ళు? మోకాలు దెబ్బతిని ఆడలేకపోతే ఫీజు మాఫీ ఉంటుందా? తరగతులకు పంపుతారా? ఫ్లెక్సీ మీద ఫోటో ఎంతకాలం వేస్తారు? మధ్యలో మానితే సర్టిఫికెట్లు ఇస్తారా? వీటికి కాగితం మీద జవాబివ్వని కాలేజీకి కావలసింది షీల్డు, పిల్లవాడు కాదు.

మనం సర్వీసంతా ఫైళ్ళు చదివినవాళ్ళం. ఇంక్రిమెంటు ఒక్కటి తప్పిపోతే రూలు పుస్తకం తిరగేసినవాళ్ళం. ఆ ఓపిక ఇప్పుడు మనవల కోసం వాడదాం. పిల్లవాడు ఎక్కడ ఆడాలో వాడే నిర్ణయించుకోనిద్దాం. ఏ షరతు మీద ఆడుతున్నాడో మాత్రం వాడికి చదివి వినిపిద్దాం.