మృత నక్షత్రముల రాచబాట
(రజతోత్సవ సభకై సిద్ధపఱచిన ఉపన్యాస పాఠము)



ఉపన్యాస విషయము ఒక ఆట. ఆ మాట వినగానే పెద్దలు నొసలు చిట్లింపవచ్చును. చదువుకొను పిల్లలను కంప్యూటరు ముందు కట్టివేయు ఆటలు పెక్కు కలవు; వాని నన్నిటిని సమర్థించుట ఇచట ఉద్దేశము కాదు. కాని ఈ యొక్క ఆటలో దూరప్రయాణము చేయువాడు దూరమును, ఇంధనమును, అపాయమును లెక్కవేయవలెను. అంతటితో తీఱదు, తాను కనిన దానిని క్షేమముగా తెచ్చి పదిమందికి అప్పగింపవలెను. పుస్తకములు లేని ఊరికి పుస్తకములు మోసి తెచ్చినవారికి ఈ రెండవ పనిలోని కష్టము వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఆట పేరు ‘ఎలీట్ డేంజరస్’. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమందలి ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ సంస్థ దానిని 2014 డిసెంబరులో వెలువరించెను. దాని పూర్వరూపమగు ‘ఎలీట్’ 1984 నాటిది. డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అను ఇద్దఱు కేంబ్రిడ్జి విద్యార్థులు 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి మాత్రమే గల చిన్న కంప్యూటరులో ఎనిమిది నక్షత్ర మండలములను, ఒక్కొక్క దానిలో 256 లోకములను ఇమిడ్చిరి. అన్ని లోకముల వివరములను దాచుటకు చోటు లేదు. అందువలన ఒక సంఖ్య నుండి మఱియొక సంఖ్యను పుట్టించు సూత్రమును మాత్రము దాచి, కావలసినప్పుడు ఆయా లోకములను దానినుండి పుట్టించిరి. ఎక్కముల పుస్తకమును మోయుటకు బదులు గుణించుట నేర్చికొన్నట్లు.

ముప్పదియేండ్ల తరువాత అట్టి ఉపాయముతోనే పాలపుంత నంతటిని నిజపరిమాణమున నిర్మించిరి. అందు 40,000 కోట్ల నక్షత్ర కుటుంబములు కలవు. ఖగోళజ్ఞుల పట్టికలలోని నిజమైన నక్షత్రములు లక్షకు పైగా వాని వాని స్థానములలోనే నిలిచియున్నవి. మిగిలినవి సూత్రమున పుట్టినవి. 2020 నాటికి లోకమునందలి ఆటగాండ్రందఱు కలిసి చూచినది అందులో వెయ్యింట ఒక వంతు కూడ కాదు.

అంత విశాలమైన చోట ప్రయాణ మెట్లు? నౌక ఒక నక్షత్రము నుండి మఱియొక నక్షత్రమునకు లంఘనము చేయును. బాగుగా కూర్చిన నౌక ఒక్క లంఘనమున 65 కాంతి సంవత్సరములు పోవు ననుకొనుడు. సూర్యునినుండి కొలోనియా అను దూరపు వలసకు 22,000 కాంతి సంవత్సరములు. భాగించి చూచినచో 339 లంఘనములు. పాలపుంత నడుమనున్న మహా కృష్ణబిలము 25,900 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. ఆవలి యొడ్డున, డార్విను ప్రయాణించిన ఓడ పేరిట ‘బీగిల్ పాయింటు’ అని పిలువబడు చోటు 65,000 కాంతి సంవత్సరములకు పైబడిన దూరము. అనగా వేయి లంఘనములు. ఒక్కొక్కటి ఒక నిమిషము పట్టినను పదునాఱు గంటలు దాటును. ఇదంతయు కుర్చీలో కూర్చుండి చేయు పనియే యైనను విసుగు పుట్టక మానదు.

ఈ దూరమును తగ్గించుటకు ఆటలో ఉన్న ఉపాయమే న్యూట్రాన్ నక్షత్రము. అది ఏమో ముందుగా తెలిసికొనవలెను. చిత్రమేమనగా, ఆ తెలివి కూడ చాలవఱకు కేంబ్రిడ్జిలోనే ప్రోగుపడినది.

మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు ముగించిన సుబ్రహ్మణ్యం చంద్రశేఖర్, 1930లో కేంబ్రిడ్జికి ఓడ మీద పోవుచు, దారిలో ఒక లెక్క వేసెను. చల్లబడి కుంచించుకొను నక్షత్రము శ్వేత కుబ్జమై నిలువవలెనన్న దాని బరువునకు ఒక హద్దు కలదు. అది సూర్యుని బరువునకు సుమారు 1.4 రెట్లు. హద్దు మించినచో ఆ రూపమున నిలువజాలదు. 1935లో ఆర్థర్ ఎడింగ్టన్ మహాశయుడు నిండు సభలో ఈ సిద్ధాంతమును పరిహసించెను. చంద్రశేఖరునకు నోబెల్ బహుమానము వచ్చుసరికి 1983వ సంవత్సరము. ఈలోపల 1932లో జేమ్స్ చాడ్విక్ కేంబ్రిడ్జిలోనే న్యూట్రాను కనుగొనెను. 1934లో అమెరికాలో వాల్టర్ బాడే, ఫ్రిట్జ్ జ్వికీ యనువారు, పెద్ద నక్షత్రము ప్రేలినప్పుడు న్యూట్రానులతో కూడిన ముద్ద మిగులునని ఊహించిరి. సూర్యుని మించిన బరువు సుమారు 20 కిలోమీటర్ల అడ్డుకొలత గల గోళములో ఇమిడిపోవును. అందలి చెంచాడు పదార్థము వందల కోట్ల టన్నులు తూగును.

అట్టిది నిజముగా కలదని తెలిసినది 1967లో. కేంబ్రిడ్జి చెంత పొలములో గుంజలు పాతి తీగలు కట్టిన రేడియో దూరదర్శినికడ జోసిలిన్ బెల్ అను పరిశోధక విద్యార్థిని పని చేయుచుండెను. గుంజలు పాతినవారిలో ఆమెయు ఒకతె. ఆ యంత్రము దినమునకు దాదాపు 30 మీటర్ల కాగితము మీద గీతలు గీయును. ఆమె ఆ కాగితమంతయు కంటితోనే పరీక్షించుచు, ఒకచోట పావు అంగుళము మేర వింతయైన గజిబిజిని చూచెను. విడదీసి చూడగా 1.337 సెకండ్ల కొకమాఱు తప్పక కొట్టుకొను నాడి. గిఱగిఱ తిరుగుచు దీపస్తంభము వలె కిరణమును త్రిప్పుచున్న న్యూట్రాన్ నక్షత్రము అది. 1974లో నోబెల్ బహుమానము ఆమె ఆచార్యుడు ఆంటొనీ హ్యూయిష్‌కు దక్కెను గాని ఆమెకు దక్కలేదు. ఆ తీర్పును నేటికిని ఒప్పుకొననివారు పలువురు కలరు. వారి మాటయే సబబుగా తోచును.

ఇక ఆట మాట. 2016లో ఆటకర్తలు ఒక క్రొత్త ఏర్పాటు చేసిరి. న్యూట్రాన్ నక్షత్రపు రెండు ధ్రువముల నుండియు దివిటీలవలె వెలువడు ధారలోనికి నౌక ప్రవేశించినచో, దాని లంఘన యంత్రము ఆ శక్తిని గ్రహించి తరువాతి యొక్క లంఘనమున సాధారణముగా నాలుగు రెట్ల దూరము పోగలదు. 65 కాంతి సంవత్సరములు 260 యగును. ఖర్చగు ఇంధనము మామూలు లంఘనమున కగునంతయే. రామకథలో మైనాకుడు సముద్రలంఘనము చేయు హనుమంతునికి విశ్రాంతి నీయ లేచెను. ఈ నక్షత్రము విశ్రాంతి నీయదు, వెనుకనుండి ఒక త్రోపు త్రోయును.

ఆ త్రోపు నందుకొనుటకు నేర్పు కావలెను. నక్షత్రము చెంత వెలువడగానే వేగము తగ్గించి, నక్షత్రమునకు ఎడముగా, ధార చివఱి భాగమును చేరుకొనవలెను. ధారలో అడుగిడుటతోడనే నౌక ముక్కు ఇటునటు కొట్టుకొనును. చుక్కాని చేతికి లొంగదు. తెలిసినవాడు దానితో పెనగులాడక, ముక్కును నక్షత్రమునకు పెడగా నుంచి, ధార వెంబడి బయటికే సాగును. కొన్ని క్షణములకు యంత్రము నిండినదని ప్రకటన వినబడును. అప్పుడు ధారను విడిచి, గమ్యము వైపు తిరిగి, ఎగురవలెను. కంగారుపడి నక్షత్రమునకు మఱీ దగ్గఱగా పోయినవాని నౌక సాధారణ గమనమునకు జాఱిపోవును. ధార నడుమ అట్లు జాఱినచో నౌక బొంగరమై తిరుగును, కవచము అరిగిపోవును, లంఘన యంత్రము చల్లారువఱకు మరల పనిచేయదు. శ్వేత కుబ్జముల ధారలు ఇంకను మోసకరములు. వాని ధార పొట్టి. దానిని అందుకొనవలెనన్న ప్రమాదపు హద్దు దాపునకే పోవలెను. ఇంతచేసి అవి యిచ్చు లాభము ఒకటిన్నర రెట్లు మాత్రమే. ఎఱిగినవారు వాని జోలికి పోరు.

న్యూట్రాన్ నక్షత్రములు పాలపుంత నడిబొడ్డు చుట్టు దట్టముగా నున్నవి. సూర్యుని పరిసరములలో పలుచన. కావున ఒక దానినుండి మఱియొకదానికి అందునట్లు బాట కూర్చుట పెద్ద లెక్క. అట్టి లెక్కలు కట్టు పరికరములను ఆటగాండ్రే నిర్మించి అందఱకును ఉచితముగా నిచ్చిరి. కొలోనియాకు పోవువాడు 339 లంఘనములకు బదులు కాగితము మీద 85 లంఘనములతో చేరవచ్చును. బాట వంకరలు, ఇంధనపు మజిలీలు కలుపుకొన్నను నూటికి కొంత పైబడును, అంతియే.

ఆ కొలోనియాకును ఒక కథ కలదు. 2016లో జాక్స్ స్టేషను అను పెద్ద విడిది, బీగిల్ పాయింటునకు పోదలచి లంఘించి, గుఱి తప్పి మాయమయ్యెను. ఆటగాండ్రు వెదకి వెదకి దానిని 22,000 కాంతి సంవత్సరముల దూరమున, చెడిపోయి నిలిచియుండగా కనుగొనిరి. సామగ్రి మోసికొని పోయి దానిని బాగుచేసిరి. దాని చుట్టు పుట్టిన వలసయే కొలోనియా.

ఇందు నిజమెంత, కల్పన యెంత అని ఎవరైన అడుగుదురు, అడుగవలసినదే. ధారలు నిజము. వృషభ రాశిలోని పీత నీహారిక నడుమ, సెకండునకు సుమారు ముప్పది మాఱులు తిరుగు నక్షత్రమునుండి వెలువడు ధారలను, చంద్రశేఖరుని పేరిట 1999లో ఎగురవేసిన ‘చంద్ర’ ఎక్సు-కిరణ దూరదర్శిని చిత్రించినది. ఆ ధారలో మునిగి బలము తెచ్చుకొను యంత్రము మాత్రము శుద్ధ కల్పన. ఆ నక్షత్రముపై ఆకర్షణ భూమి మీది దానికి పదివేల కోట్ల రెట్ల స్థాయిలో నుండును. దాని కిరణముల యెదుట ప్రాణి నిలువజాలదు. అయినను దూరప్రయాణమునకు ఈ నక్షత్రములు ఉపకరించుననుట వట్టి మాట కాదు. 1972లో అమెరికావారు పంపిన పయనీరు-10 నౌకపై, సూర్యుని స్థానమును తెలుపుటకు 14 నాడీ నక్షత్రములను గుర్తులుగా చెక్కిరి. 2017 నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రముపై నున్న ‘నైసర్’ అను యంత్రము అట్టి నక్షత్రముల ఎక్సు-కిరణముల తాళమును విని, తానెచటనున్నదో 16 కిలోమీటర్ల లోపు తప్పుతో తేల్చెను. నావికునికి ధ్రువ నక్షత్రము చేసిన పని అది. ఆటలో నక్షత్రము త్రోయును. నిజములో దారి చూపును.

ఆటలోని బాటకు తిరిగి వచ్చినచో, ఆ త్రోపునకు మూల్యము కలదు. ధారను వాడినప్పుడెల్ల లంఘన యంత్రము నూటికి ఒక వంతు అరిగిపోవును. మరమ్మతు సరంజామా వెంటలేనివాడు నడిదారిలో చిక్కుకొనును. అంతకన్న మఱపురాని చిక్కు ఇంధనము. మామూలు నక్షత్రములలో పెక్కింటినుండి నౌక ఇంధనమును తోడుకొనగలదు. న్యూట్రాన్ నక్షత్రము బొట్టయిన నీయదు. అది చలివేంద్రము లేని సత్రము. నాలుగు రెట్ల వేగపు మత్తులో వరుసగా మృత నక్షత్రములనే పట్టుకొని పోయి, తొట్టి అడుగంటినదాక కనుగొననివారు ఎందఱో. అట్టివారికై 2015 నుండి ‘ఫ్యూయల్ ర్యాట్స్’, అనగా ఇంధనపు ఎలుకలు, అను స్వచ్ఛంద బృందము పనిచేయుచున్నది. పైసా పుచ్చుకొనక, ఎంత దూరమైనను పోయి, ఇంధనము పోసి వచ్చుదురు. ఊపిరి గాలి తఱిగిపోవుచున్నవానికి వారు ముందు చెప్పు మాట ఆటను వెంటనే మూసివేయుమని. మూసియున్నంతసేపు గాలి తఱుగదు. వారు ఆదుకొన్నవారి సంఖ్య లక్ష దాటినది.

నౌక ప్రేలిపోయినను ఆటగాడు చావడు. కొంత సొమ్ము చెల్లించి, వెనుకటి విడిదిలో అదే నౌకతో మరల లేచును. పోవునది వేఱొకటి. దారిలో అతడు చూచి కొలిచిన నక్షత్రముల, గ్రహముల వివరములన్నియు, విడిది చేరి అప్పగించువఱకు నౌకలోనే యుండును. నౌక పోయిన అవియు పోవును. ఒక లోకమును మొదట కనుగొన్నవాడనగా ఆటలెక్కలో మొదట చూచినవాడు కాడు. వివరమును మొదట అప్పగించినవాడు. మూడు నెలలు తిరిగి, నీటి లోకములను, నిండు వలయముల గ్రహములను చూచి, తిరుగుదారిలో ఒక్క ధారలో జాఱిపడినవాడు సున్న చేతులతో లేచును. అతని వెనుక నెప్పుడో వచ్చినవాడు వానినే చూచి, క్షేమముగా చేరి అప్పగించినచో, పేరు ఇతనిదే. 2019 జనవరిలో పదివేలకు పైగా ఆటగాండ్రు బీగిల్ పాయింటు వైపు ‘డిస్టెంట్ వరల్డ్స్’ అను రెండవ మహాయాత్రకు బయలుదేఱినప్పుడు అందఱ తలలమీదను వ్రేలాడిన కత్తి ఇదియే. 2020లో ఆటగాండ్రకు పెద్ద వాహక నౌకలు లభించినప్పటి నుండి, అవి వెంటనున్నచో అప్పగింత దారిలోనే జరుగుటకు వీలు కలిగినది. ఒంటరి బాటసారికి మాత్రము కష్టము కష్టముగానే యున్నది.

రాచబాటకు మఱియొక లోపము కూడ కలదు. దాని పొడుగునను నక్షత్రములకు పేర్లు పడిపోయినవి. వేలమంది అదే లెక్కతో అవే మజిలీలు త్రొక్కిరి. రెండు మూడు మామూలు లంఘనములతో ప్రక్కకు ఒదిగినచో చాలు, ఎవరును చూడని లోకములు మొదలగును. తొందరపాటున ఆ ప్రక్కచూపు లేకపోవుట చూడగా జాలి కలుగును.

అనుభవము గలవారు కొందఱు పోవునప్పుడు మృత నక్షత్రములను వాడుదురు. వచ్చునప్పుడు నౌక నిండ వివరములున్నవి గనుక ఆ బాటను విడిచి, ఇంధనమిచ్చు మామూలు నక్షత్రముల మీదుగా మెల్లగా వత్తురు. నాలుగింతలు ఎక్కువ లంఘనములు. చివఱి విడిదిలో దిగి, వ్రాతకచేరిలో ఒక్కొక్క నక్షత్రపు వివరమును అప్పగించుదురు. ఆ క్షణమునుండి ఎవరు ఆ నక్షత్రమునకు పోయి చూచినను మొదట కనుగొన్నవాని పేరు అచట కనబడును.