పాత కారు మీటర్లు - విప్పుట, బిగించుట



పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారాలో 2014 వరకు తయారైన అంబాసిడరు వంటి పాత కారులు ఇంకను కొందరి ఇండ్ల నున్నవి. అట్టి కారులలో చోదకుని యెదుట నుండు మీటర్లను ఇంట విప్పి బాగుచేయుటను గూర్చి నేడు ముచ్చటింప దలచితిని. నా దృష్టిలో ఈ మీటర్లు సాక్షులు. వేగమెంతయో, పెట్రోలెంతయో, ఇంజనెంత వేడెక్కెనో ఉన్నదున్నట్లు చెప్పుటయే వాని పని. బాగుచేయువాడు సాక్షి నోరు విప్పింపవలెనే గాని, దానిచే అబద్ధ మాడింపరాదు.

విప్పవలెనా, వలదా యని మొదట విచారింపుడు. పెట్రోలు ముల్లు, వేడి ముల్లు రెండును ఒక్కసారిగా తప్పు చూపినచో దోషము మీటర్లలో నుండుట అరుదు. కొన్ని కారులలో ఈ రెండింటికిని సుమారు 10 వోల్టుల విద్యుత్తు నందిచ్చు చిన్న పెట్టె యొకటి వెనుక నుండును. అది చెడినను, దాని ఎర్తు తీగ వదులైనను రెండు ముండ్లును దారి తప్పును. అప్పుడు మీటర్లను విప్పుట కొండను త్రవ్వి ఎలుకను పట్టుటయే. అట్టి మీటరునకు పరీక్ష పేరిట 12 వోల్టుల బ్యాటరీని తిన్నగా తగిలింపరాదు. లోపలి సన్నని తీగ మాడిపోవచ్చును.

విప్పక తప్పనిచో బ్యాటరీ తీగను ముందు వేరుచేయుడు. ఆమీటరునకు పోవు లావు తీగలకు తరచుగా ఫ్యూజు ఉండదు. పనిముట్టు తగిలిన నిప్పు పుట్టవచ్చును. ప్రతి తీగకును గుర్తుచీటి కట్టుడు. అద్దమును పట్టియుంచు లోహపు అంచును చుట్టును కొంచెము కొంచెముగా లేపుడు. పలక మీది అంకెలను స్పిరిటుతో తుడువరాదు. మెత్తని కుంచె చాలును.

వేగము చూపు మీటరు విచిత్రమైనది. 1902లో జర్మనీ దేశీయుడు ఓట్టో షుల్జే దీనికి పేటెంటు పొందెను. గేరుపెట్టె నుండి వచ్చు కేబులు ఒక అయస్కాంతమును త్రిప్పును. దాని చెంతనే, దానిని తాకకయే, అల్యూమినియపు గిన్నె యొకటి యుండును. అయస్కాంతము తిరుగగా గిన్నెలో విద్యుత్తు పుట్టి, గిన్నె దానివెంట పోజూచును. వెండ్రుక వంటి స్ప్రింగు వెనుకకు లాగును. ఈ రెండు బలములు సరిపడిన చోట ముల్లు నిలుచును. కావున ముల్లు నూడదీయకముందే, దానిని ఆపు చీలను మెల్లగా దాటించి, స్ప్రింగు బిగువు తీరి ఎక్కడ నిలుచునో గుర్తుంచుకొనుడు. మరల నచ్చటనే యెక్కించి చీల మీదికి తెండు. బిగువు లేకయే సున్న దగ్గర గ్రుచ్చినచో ముల్లు ఉన్న వేగముకంటె ఎక్కువ చూపును.

ఇంతకంటె ముఖ్యమైన హెచ్చరిక యొకటి కలదు. చీకటిలో మెరయుటకై పూర్వము కొన్ని మీటర్ల అంకెలకు, ముండ్లకు రేడియము కలిపిన రంగు పూసిరి. రెండవ ప్రపంచయుద్ధకాలపు సైనిక వాహనములలో నిట్టివి కలవు. నేడు మెరయుట లేదు గదా యని నిర్భయముగా నుండరాదు. మెరుపునిచ్చు పొడి మాత్రమే క్షీణించినది. రేడియము సగమగుటకే సుమారు 1600 సంవత్సరములు పట్టును. ఆ రంగు ధూళియై నోటనో ఊపిరితోనో లోనికి పోయినచో ఎముకలలో చేరి కీడు చేయును. అనుమానమున్న మీటరును ఇంట విప్పవలదు, గీకవలదు, పిల్లల చేతి కీయవలదు. అద్దము తీయకయే తెలిసినవారిచే పరీక్షింపజేయుడు.

కడపట నొక ధర్మము. మీటరు విప్పినప్పుడు, కారు తిరిగిన దూరము చూపు అంకెలను వెనుకకు త్రిప్పవచ్చునను ఆశ పుట్టవచ్చును. కారునకు వెల పెరుగునని తోచవచ్చును. అది దొంగ తూనికరాయి. కొన్నవాడు ఆ అంకెలను నమ్మియే తన బిడ్డలను ఆ కారులో నెక్కించును. గ్రామమున తగవులు తీర్చు పెద్దలు మీరు. మీ యింటి పిల్లవాడు మరచీలలు విప్పుటకు కూర్చున్ననాడు ఈ మాట వాని చెవిని వేయుడు. సెలవు.