తరగతి గదిలో చల్లని మూల



బడిలో మూల అనగానే మనకు గుర్తొచ్చేది శిక్ష. అల్లరి చేసినవాణ్ణి మూల నిలబెట్టడం ఆనవాయితీ కదా! ఈవేళ నేను చెప్పబోయే మూల అది కాదు. గదిలో గోల భరించలేని పిల్లవాడు తనంతట తాను వెళ్లి, కాసేపు కూచుని, తేరుకుని మళ్లీ తన చోటికి వచ్చే మూల.

ఇదంతా డబ్బున్న పట్నపు బళ్ల ముచ్చట అని మీలో కొందరు అనుకోవచ్చు. అందుకే కోనసీమ చివర, వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే ఓడలరేవును తలుచుకుంటున్నాను. సముద్రపు హోరు అక్కడ నిత్యం ఉండేదే. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమను ఊడ్చిపెట్టేసింది. ఆనాటి పిల్లలే ఈనాటి తల్లిదండ్రులు. గాలి కాస్త హెచ్చితే పెద్దల ముఖాల్లో కనిపించే ఆదుర్దా పిల్లలకు అంటకుండా ఉంటుందా? అలాంటి చోట ఒకే గదిలో రెండు తరగతుల పాఠాలు, పైన రేకుల మీద వాన మోత అయితే ఎలా ఉంటుందో ఊహించండి. చెవులు మూసుకుని బల్ల కింద దూరిన పిల్లవాణ్ణి ‘మొండి’ అనేస్తాం. ఆ పేరు ఒకసారి పడిందంటే బడి మానేదాకా వదలదు.

మరియా మాంటిసోరీ 1907లో రోములో పేదపిల్లల కోసం బడి తెరిచారు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం మూలంగా 1946 దాకా మన దేశంలోనే ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. గరుకు పలకలు, నున్నటి పలకలు, రకరకాల గుడ్డముక్కలు, ఊపితే సన్నగానో గట్టిగానో మోగే డబ్బాలు... ఇవీ ఆవిడ సరంజామా. ఆవిడ ఆడించిన నిశ్శబ్దపు ఆట నాకు మరీ ఇష్టం. పిల్లలంతా కదలకుండా కూచుంటారు. టీచరు దూరంగా నిలబడి ఒక్కొక్కరి పేరూ గుసగుసగా పిలుస్తుంది. పిలుపు విన్నవాళ్లు చప్పుడు కాకుండా లేచి వెళతారు. ‘నోళ్లు ముయ్యండి’ అంటూ బెత్తంతో బల్ల బాదడానికీ దీనికీ ఎంత తేడా!

మన వీధిబడుల్లో ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించేవారు. వేలి కింద ఇసుక జారుతుంటే మనసు కుదుటపడుతుంది. ఓడలరేవులో ఇసుకకు కొదవా? కొబ్బరి పీచు, తుంగచాప, గవ్వలు, పాతచీరెల బొంత కోనసీమలో దొరికేవే. బొంతను మడతలు వేసి ఒళ్లో పెడితే ఆ బరువుకే కొందరు పిల్లలు నిమ్మళిస్తారు. తలమీద మాత్రం కప్పకూడదు. ఒకరికి హాయిగా ఉన్న పీచు మరొకరికి ఒళ్లు జలదరింపు కావచ్చు. ఏది కావాలో పిల్లలే ఎంచుకోవాలి. ఆ మూల గోడకు పటాలేవీ తగిలించొద్దు. అగరొత్తులూ వద్దు, వాసన పడనివాళ్లుంటారు.

శిక్షగా ఎవరినీ అక్కడికి పంపరాదు. తెర ఉన్నా టీచరు కంటికి పిల్లలు కనిపిస్తూ ఉండాలి. ‘ఇలా అయితే లెక్కల పీరియడులో అందరూ అక్కడే ఉంటారు’ అంటారు టీచర్లు. మొదట్లో ఉంటారు మరి! కొత్త మోజు తీరేదాకా ఓపిక పట్టాలి.

తల్లులుగా మనం చెయ్యగలిగింది ఒకటుంది. కుక్కరు కూతకి ఉలిక్కిపడతాడనీ, మిక్సీ వేస్తే పారిపోతాడనీ మనకు తెలుసు, టీచరుకు తెలియదు. వెళ్లి చెప్పాలి. రోజూ ఆ మూల లేనిదే గడవని పిల్లవాణ్ణి మాత్రం డాక్టరుకు చూపించండి. ఆ మూల వైద్యం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా చేరింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకోసం మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి.

మరొక మాట. సముద్రం దగ్గర ఉప్పుగాలికి పీచూ బొంతా చెమ్మపట్టి ముక్కవాసన వేస్తాయి, వారానికోసారి ఎండలో వెయ్యాలి. ఇసుకపెట్టెకు సాయంత్రం మూత పెట్టకపోతే తెల్లారేసరికి పిల్లులు పాడుచేస్తాయి.