బలం పెరిగితే భారం ఎవరిది?

అమెరికాలో పడవలు, గుర్రాల ట్రైలర్లు లాగడానికి డీజిల్ పికప్ బండ్లు వాడతారు. కొందరు ఇంజన్ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ మార్పించి బలం పెంచుకుంటారు. ఇంజన్ చాలావరకు తట్టుకుంటుంది. దెబ్బ తినేది గేర్‌బాక్సు.

2001లో జనరల్ మోటార్స్ తన డ్యూరామాక్స్ ఇంజన్‌కు ఆలిసన్ 1000 ఆటోమేటిక్ గేర్‌బాక్సు జతచేసింది. అప్పటి టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, 520 పౌండ్-అడుగులు. టార్క్ బాగా పెంచితే గేర్‌బాక్సులోని క్లచ్ ప్లేట్లు పట్టు జారతాయి. జారితే వేడి పుడుతుంది, వేడికి ఆయిల్ మాడుతుంది, పట్టు ఇంకా సడలుతుంది. జారుడు పసిగట్టిన కంప్యూటర్ నష్టం పెరగకుండా గేర్లు మారనివ్వదు. బండి ఈడ్చుకుంటూ ఇల్లు చేరాల్సిందే.

ఇలాంటి బండి అమ్మకానికి వస్తే ప్రభుత్వ తనిఖీలు పట్టుకుంటాయా? ఉదాహరణకు టెక్సస్ రాష్ట్రం సొంత వాహనాలకు ఏటా జరిగే భద్రతా తనిఖీని 2025 జనవరి 1 నుంచి ఎత్తేసింది. అది ఉన్న రోజుల్లోనూ బ్రేకులు, లైట్లు, టైర్లు చూసేవారు గాని గేర్‌బాక్సు జోలికి పోలేదు.

కాబట్టి పాత పికప్ కొనేవారే పరీక్షించుకోవాలి. గేర్‌బాక్సు ఆయిల్ చూసే డిప్‌స్టిక్ తీసి తెల్లగుడ్డకు తుడవండి. ఆయిల్ ఎర్రగా ఉంటే మంచిదే. గోధుమరంగుకు తిరిగి మాడువాసన కొడితే జాగ్రత్త. కొత్త ఆయిల్ పోసి అమ్మేవారూ ఉంటారు. అందుకే రోడ్డెక్కండి. పై గేరులో యాక్సిలరేటర్ నొక్కండి. గేరు మారకుండానే ఇంజన్ రొద పెరిగి, వేగం మాత్రం పెరగకపోతే ప్లేట్లు జారుతున్నట్టే.

బేరం అక్కడే ఆపేయండి.